ఓడయు గ్రద్దయు: ఒక రోమను వెండి నాణెము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



రజతోత్సవమనగా వెండి పండుగ. వెండి పండుగనాడు ఒక వెండి నాణెమును గూర్చి నాలుగు మాటలు చెప్పుకొనుట అసందర్భము కాజాలదు. ఆ నాణెము మన దేశమున పుట్టినది కాదు. క్రీ.పూ. 32-31 సంవత్సరముల నడుమ, గ్రీసు దేశపు పడమటి తీరమున, యుద్ధమునకు సన్నద్ధమగుచున్న ఒక మహాసైన్యము కొఱకు అది ముద్రింపబడినది. ముద్రింపించినవాడు రోమను సేనాని మార్కస్ ఆంటోనియస్. షేక్స్పియరు నాటకముల మూలమున ఆంటొనీ అను పేరుతో ఆతడు మన పాఠకులకు పరిచితుడే.

చరిత్రను సాధారణముగా గెలిచినవారు వ్రాయింతురు. ఓడినవాని మాట ఓడినవాని నోటనే వినబడుట అరుదు. ఈ నాణెము ఓడినవాని చేతి నుండి వచ్చినది. జయాపజయములు తేలకముందు ఆతడు తన సైనికులకు ఏమి చెప్పదలచెనో అది యీ చిన్న వెండి బిళ్ళపై రెండు ప్రక్కల చెక్కబడి నేటికిని నిలిచియున్నది. దానిని చదువుట నేర్చినచో, కూలి పుచ్చుకొని యుద్ధము చేయు సైనికుడు ఎవరివాడు, దేశమువాడా, జీతమిచ్చిన దొరవాడా అను పెద్ద ప్రశ్న మన కన్నులయెదుట నిలుచును. ఆ ప్రశ్నకు సరియైన సమాధానము దొరకకనే రోమనుల ప్రజారాజ్యము కూలిపోయినది.

మొదట నాణెపు రూపమును చూతము. ఇది బొటనవ్రేలి గోరుకంటె కొంచెము పెద్దది. తూకమున తులములో మూడవ వంతునకు కొంచెము తక్కువ. విక్టోరియా రాణి నాటి తులమెత్తు వెండి రూపాయిని మూడు ముక్కలు చేసినచో ఒక్కొక్క ముక్క యెంతయో దాదాపు అంత. దీని పేరు దెనారియస్. క్రీ.పూ. 211 ప్రాంతమున, కార్థేజి సేనాని హానిబాలు ఇటలీ దేశమును అల్లకల్లోలము చేయుచున్న దినములలో, రోమనులు ఈ తరగతి నాణెమును మొదట ముద్రించిరి. దెనారియస్ అనగా పదింటిది యని అర్థము. మొదట ఇది ఆస్ అను పది కంచు నాణెములకు సమానము. తరువాత మారకపు వెల 16 ఆసులకు పెరిగినను పాత పేరే నిలిచినది.

ఆనాడు ముద్రణకు యంత్రములు లేవు. ఒక అచ్చును దాగలిలో బిగించి, దానిపై కాచిన వెండి బిళ్ళను ఉంచి, మీద రెండవ అచ్చు నిలిపి, సుత్తితో ఒక్క దెబ్బ కొట్టెడివారు. ఒకే దెబ్బకు రెండు ముఖములును పడవలెను. చేయి కొంచెము జరిగినచో బొమ్మ ఒక ప్రక్కకు ఒదిగిపోవును, అక్షరములు సగము వెలుపలికి పోవును. ఆంటోనియసు నాణెములలో ఇట్టి తొందరపాటు గుర్తులు విస్తారముగ కనబడును. శిబిరమున లక్షలాది నాణెములు శీఘ్రముగా కావలసివచ్చినప్పుడు పనివారికి నిదానించు వ్యవధి యెక్కడిది? వీనిని గ్రీసు తీరమందలి పాత్రే పట్టణమున, క్రీ.పూ. 32-31 శీతకాలమున ఆంటోనియసు విడిసియున్నప్పుడు ముద్రించి యుందురని పలువురు పండితుల అభిప్రాయము.

ఇక ముందుముఖము. దానిపై యుద్ధనౌక యొకటి. బారులు తీరిన తెడ్లతో అది కుడిప్రక్కకు సాగుచున్నట్లు చెక్కబడినది. నౌకకు పైన ఆంట్, అవుగ్ అను రెండు కుదింపు మాటలు కలవు. మొదటిది ఆంటోనియసు పేరు. రెండవది ఆతని పౌరోహిత్య పదవి. పక్షుల గమనమును బట్టి శకునము చెప్పు అధికారులను రోమనులు అవుగురులని పిలిచెడివారు. ఏ పెద్దకార్యము తలపెట్టినను శకునము చూచుట మనవారికి వలెనే వారికిని ఆచారము. ఈ అవుగ్ అను మాటకును, తరువాత ఆతని శత్రువు ధరించిన ఆగస్టస్ బిరుదమునకును సంబంధము లేదు.

నౌకకు క్రింద మూడు నిలువు గీతలును, కొన్ని పొడి అక్షరములును ఉండును. వాని తాత్పర్యము: ప్రజారాజ్యమును తిరిగి నెలకొల్పుటకై నియమింపబడిన ముగ్గురిలో ఒకడు. జూలియస్ సీజరు హత్య జరిగిన మరుసటి యేడు, క్రీ.పూ. 43లో, ఆంటోనియసు, ఆక్టేవియను, లెపిడసు అను ముగ్గురు కలిసి చట్టము చేయించుకొని రాజ్యాధికారమును చేపట్టిరి. వారిలో లెపిడసు క్రీ.పూ. 36లో అధికారము కోల్పోయెను. ఆ చట్టపు గడువు క్రీ.పూ. 33 చివరతో తీరిపోయినదని పలువురు చరిత్రకారులు చెప్పుదురు. అనగా ఈ నాణెము ముద్రించునాటికి ముగ్గురు లేరు, గడువును లేదు. అయినను బిరుదము మాత్రము నాణెముపై నిలిచియున్నది.

ముందుముఖమున లేనిదేమో కూడ గమనింపదగినది. అక్కడ ఆంటోనియసు ముఖము లేదు. అంతకుముందు నాణెములపై ఆతని తల చెక్కబడియున్నది. క్రీ.పూ. 32లో వెలువడిన ఒక దెనారియసుపై ఒక ప్రక్క ఆతడును, రెండవ ప్రక్క ఈజిప్టు రాణి క్లియోపాత్రయు కనబడుదురు. కాని దండులకు పంచిపెట్టిన ఈ నాణెముపై రాణి బొమ్మ లేదు, పేరు లేదు. ఆక్టేవియను రోము నగరమున యుద్ధము ప్రకటించునప్పుడు తోటి రోమనుడైన ఆంటోనియసుపై గాక, పరదేశపు రాణియైన క్లియోపాత్రపై ప్రకటించెను. అట్టి సమయమున రోమను సైనికుని అరచేతిలో ఆమె బొమ్మను పెట్టుట శత్రువు మాటను తానే రుజువు చేసినట్లగును. కనుకనే వ్యక్తులను విడిచి, ఓడను, పదవిని, ధ్వజమును మాత్రమే ఆ నాణెముపై నిలిపిరని ఊహించుటకు అవకాశమున్నది.

వెనుకముఖము ఈ నాణెమునకు ప్రాణము. నడుమ ఎత్తైన కఱ్ఱపై రెక్కలు విప్పిన గ్రద్ద. దానికి ఇరుప్రక్కల బిళ్ళలతో అలంకరించిన రెండు ధ్వజములు. లెగ్ అను మూడక్షరములు, వాని ప్రక్కన ఒక అంకె. లెగ్ అనగా లెగియో, సుమారు 5,000 మంది కాలిబంటులుగల దండు. ఆ అంకె దండు సంఖ్య. మూడవ దండునకు మూడు గీతలు, పదవ దండునకు ఎక్స్ అక్షరము. చదువురాని సైనికుడు సైతము గ్రద్దను గుర్తించును, గీతలు లెక్కించును, ఇది మా దండు నాణెమని చెప్పగలడు. రెండవ దండు మొదలు ఇరువదిమూడవ దండు వరకు గల నాణెములు దొరకినవి. ఒక్కొక్క దండును సంఖ్యతో పేర్కొనుచు ఇంత వరుసగా నాణెములు ముద్రించుట రోమనుల చరిత్రలో అదే మొదలు.

ధ్వజమనగా మనవారికి క్రొత్త మాట కాదు. భారత యుద్ధమున అర్జునుడు కపిధ్వజుడు, భీష్ముడు తాళధ్వజుడు. రథము కనబడకపోయినను టెక్కెమును చూచి వీరుని గుర్తుపట్టెడివారు. కాని మన పురాణములలో ధ్వజము వీరునిది, రోమనులలో గ్రద్ద దండుది. సేనాని మారినను గ్రద్ద మారదు. పూర్వము వారి దండులు గ్రద్దతోపాటు తోడేలు, అడవిపంది, గుఱ్ఱము మొదలగు గుర్తులను మోసెడివి. క్రీ.పూ. 104లో మారియసు అను సేనాని తక్కినవానిని విడిచి గ్రద్దనొక్కదానినే దండునకు ప్రధాన ధ్వజముగా చేసెనని ప్లినీ అను రోమను గ్రంథకర్త వ్రాసియున్నాడు.

ఆ గ్రద్దపై సైనికునకు గల భక్తి ఎట్టిదో తెలియుటకు ఒక్క ఉదాహరణము చాలును. క్రీ.పూ. 55లో జూలియస్ సీజరు బ్రిటను దీవిపై దిగబోయినప్పుడు, లోతైన నీటిని, ఒడ్డున నిలిచిన శత్రువులను చూచి సైనికులు ఓడల నుండి దిగుటకు జంకిరి. అప్పుడు పదవ దండు గ్రద్దను మోయువాడు దేవతలకు మ్రొక్కి, గ్రద్దను శత్రువుల పాలు చేయుట మీకిష్టము కాకున్నచో దూకుడని కేకవైచి, తాను నీటిలోనికి ఉఱికెను. ధ్వజము పోవునన్న సిగ్గుతో మిగిలినవారందఱు ఆతని వెంట దూకిరి. ఈ సంగతి సీజరు తన గ్రంథమున తానే వ్రాసికొన్నాడు. క్రీ.పూ. 53లో క్రాసస్ అను సేనాని కార్రే యుద్ధమున పార్థియనుల చేతిలో ఓడి, ప్రాణముతోపాటు దండుల గ్రద్దలను పోగొట్టుకొనగా, రోమనులు ఆ అవమానమును 33 ఏండ్లు మఱువలేదు. క్రీ.పూ. 20లో ఆ ధ్వజములు సంధివలన తిరిగి వచ్చినప్పుడు, పార్థియనుడు మోకరిల్లి ధ్వజమును అప్పగించుచున్నట్లు వెండి నాణెములు ముద్రించి సంతోషించిరి.

అట్టి గ్రద్దను ఆంటోనియసు తన నాణెముపై ఎందుకు చెక్కించెను? మాట సూటిగా చెప్పవలెనన్న, ఇది జీతపు నాణెము. జీతపు లెక్క చూతము. ఆ కాలమున సామాన్య సైనికుని జీతము ఏడాదికి 225 దెనారియసులు. తిండికి, బట్టకు అయిన వ్యయము అందులోనే తగ్గించెడివారు. నిండు సంఖ్యగల దండునకు 5,000 మంది చొప్పున లెక్కించినచో ఒక దండునకే ఏడాదికి 11,25,000 దెనారియసులు కావలెను. అట్టి దండులు 22 అయినచో మొత్తము 2,47,50,000. ఇందులో ఆశ్వికుల జీతము లేదు, నాయకుల జీతము లేదు, తెడ్లు వేయువారి కూలి లేదు. ఇది సరాసరి లెక్కయే గాని, ఒక్క శీతకాలమున ఎంత వెండి కరగవలసివచ్చెనో గ్రహించుటకు చాలును.

అంత వెండిని సమకూర్చుట కష్టమైనందున ఆంటోనియసు నాణెములో మాలు కలిపించెను. ఆతడు దెనారియసులో ఇనుము కలిపెనని ప్లినీ నింద వేసెను. నేటి పరీక్షలలో కనబడు మాలు ప్రధానముగా రాగి. ఏమైనను అంతకుముందు రోమునందు ముద్రించిన దెనారియసులకంటె ఇందు వెండిపాలు తక్కువ. గీటురాయిపై గీచి చూచు షరాబునకు ఆ భేదము తెలియకపోదు. అనగా దండునకు గౌరవముగా గ్రద్దను చెక్కి, ఆ గ్రద్ద క్రింద మాలు వెండిని ఉంచిరి. బొమ్మ చేయు వాగ్దానము పెద్దది, లోహము ఇచ్చు విలువ చిన్నది.

ఈ వరుసలో కొన్ని నాణెములు మిక్కిలి అరుదైనవి. సంఖ్య మాత్రమేగాక దండు బిరుదము కూడ చెక్కినవి మూడు రకములు. పండ్రెండవ దండును ప్రాచీన దండని, పదునేడవదానిని నౌకాదండని, పదునెనిమిదవదానిని లిబియా దండని ఇవి పేర్కొనును. గ్రంథములలో కనబడని ఇట్టి పేర్లు నాణెములవలననే మనకు దక్కినవి. సేనానిని కాపాడు అంగరక్షక దళముల పేర వేఱొక నాణెము కలదు. వీనికంటె చూడముచ్చటయైనది వేగువారి దళము పేర ముద్రించినది. వేగువారనగా ముందుగా పోయి శత్రువుల జాడ తెలిసికొనువారు, రాత్రింబవళ్ళు వార్తలు మోయువారు. వారి నాణెముపై గ్రద్ద లేదు. దండునకు గ్రద్ద కలదు గాని దళమునకు లేదు. దానికి బదులు మూడు ధ్వజములు వరుసగా నిలిచియున్నవి. ప్రతి ధ్వజమునకును పూలదండలవంటి రెండు చుట్టలు, వానితోపాటు ఓడ ముక్కు ఆకారము అలంకరింపబడినవి. నేలపై తిరుగు వేగువాని ధ్వజమున ఓడ గుర్తు ఉండుట గమనింపదగిన విశేషము. ఆ యుద్ధమున నేలయు నీరును ఎంతగా పెనవేసికొనియుండెనో ఆ చిన్న గుర్తు చెప్పుచున్నది.

అసలు వివాదమును అదియే. నేలపై పోరుటయా, నీటిపై పోరుటయా? క్రీ.పూ. 31 వేసవినాటికి ఆంటోనియసు సైన్యము గ్రీసు పడమటి తీరమున ఆక్టియము అనుచోట చిక్కువడియుండెను. ఆక్టేవియను సేనాని అగ్రిప్ప సముద్రమార్గమున వచ్చి ఒక్కొక్క రేవును పట్టుకొనెను. పాత్రే పట్టణము కూడ ఆతని వశమయ్యెను. ధాన్యపు ఓడలు రాలేదు. శిబిరమున రోగములు ప్రబలెను. ఒక్కొక్కరే నాయకులు శత్రువుల పక్షము చేరిరి. ఆంటోనియసు ఓడలపైననే యుద్ధము చేయ నిశ్చయించెను.

ఆ సమయమున జరిగిన ఒక సంఘటనమును ప్లూటార్కు అను గ్రీకు చరిత్రకారుడు వ్రాసెను. ఆంటోనియసు క్రింద పెక్కు యుద్ధములు చేసి ఒడలెల్ల గాయములైన ఒక వృద్ధ నాయకుడు, ఓడలెక్కుటకు వచ్చిన ఆజ్ఞను విని, కన్నీరు పెట్టుకొని ఆతని కెదురువచ్చెనట. ఈ గాయములను, ఈ కత్తిని నమ్మక, ఈ పాడు కొయ్యలపై ఆశ పెట్టుకొనుటయేలనని అడిగెనట. నీటిపై పోరాటమును ఈజిప్టువారికి, ఫినీషియావారికి విడిచి, తమకు కాళ్ళు నిలుచు నేలనిమ్మని వేడెనట. ఆంటోనియసు బదులు చెప్పక, చేసైగతో ధైర్యము చెప్పి ముందునకు సాగిపోయెను.

ఆ ముదుసలి మొలసంచిలోను ఇట్టి నాణెములే ఉండియుండును. ఒక ప్రక్క ఓడ, ఒక ప్రక్క గ్రద్ద. ఆతడు గ్రద్ద వైపు చూపెను, ఆంటోనియసు ఓడ వైపు చూచెను. ఒకే దెబ్బతో పడిన రెండు ముఖములు ఆ దినమున వేఱుపడినవి.

క్రీ.పూ. 31 సెప్టెంబరు 2వ తేదీన నౌకాయుద్ధము జరిగెను. పోరు తేలకముందే క్లియోపాత్ర 60 ఓడలు శత్రువుల నడుమనుండి చీల్చుకొని దక్షిణముగా సాగిపోయెను. ఆంటోనియసు తన పెద్ద ఓడను విడిచి, వేగము గల చిన్న ఓడపై ఆమె వెంటనంటి పోయెను. తీరమున 19 దండులు కత్తి దూయకనే నిలిచియుండెను. తమ సేనాని తమ్ము విడిచి పోయెనన్న మాటను ఆ సైనికులు నమ్మలేకపోయిరి. ఆక్టేవియను దూతలను పంపినను లెక్కచేయక, నేడు వచ్చును, రేపు వచ్చునని ఏడు దినములు ఆతనికొఱకు ఎదురు చూచిరి. తుదకు వారికి నాయకుడుగా నుండిన కనీడియసును రాత్రివేళ శిబిరమును విడిచి పాఱిపోయెను. అప్పుడు వారు ఆక్టేవియను పక్షము చేరిరి. మఱుసటి సంవత్సరము, క్రీ.పూ. 30 ఆగస్టు 1వ తేదీన, అలెగ్జాండ్రియాలో ఆంటోనియసు తన కత్తితో తానే పొడుచుకొని మరణించెను. కొలది దినములకు క్లియోపాత్రయు ప్రాణము విడిచెను.

ఇచట ఒక మాటను నిదానించి ఆలోచింపవలెను. మాలు వెండి పుచ్చుకొన్న సైనికులు ఏడు దినములు కదలలేదు. జీతమునకే అమ్ముడుపోయినవారైనచో మొదటి దూత వచ్చిననాడే పోయెడివారు. నాణెము వారిని కొనలేదు. తమతో కలిసి యుద్ధము చేసిన సేనానిపై విశ్వాసము వారిని నిలిపినది. ఆ విశ్వాసమును ముందు విడిచినవాడు సేనానియే. అయినను ఆ విశ్వాసము దేశముపై గాక ఒక్క మనుష్యునిపై నిలిచియుండుట రోమనుల వ్యాధి. భూమిలేని పేదలు దండులలో చేరి, విరమించిన పిమ్మట గుంటెడు నేలకొఱకు సేనాని ముఖమునే చూడవలసిన స్థితి మారియసు కాలమునుండి పెరుగుచు వచ్చినది. నేలనిచ్చువాడు దొర, ఆ దొర ఎవరిపై కత్తి దూయుమన్న వారిపై దూయవలెను. అందువలన మూడు తరములు రోమనులు రోమనులనే చంపుకొనిరి.

గెలిచిన ఆక్టేవియను ఈ సంగతిని గ్రహించెను. క్రీ.పూ. 27లో ఆగస్టస్ అను బిరుదమును పొందిన ఆతడు, క్రీ.పూ. 30లోను, 14లోను సైనికుల నివాసములకై భూములకు వెల చెల్లించెను. ఇటలీ భూములకు 60 కోట్ల సెస్టర్సులు, ఇతర రాష్ట్రముల భూములకు 26 కోట్లు ఇచ్చితినని తన శాసనమున చెక్కించుకొనెను. నాలుగు సెస్టర్సులు ఒక దెనారియసు. తరువాత క్రీ.శ. 6లో సైనికుల ధనాగారమును ప్రత్యేకముగా నెలకొల్పి, మొదట తన సొంత ధనము 17 కోట్ల సెస్టర్సులు అందులో వేసెను. వారసత్వపు ఆస్తులపై నూటికి ఐదు వంతున పన్ను విధించి దానిని పోషించెను. 20 ఏండ్లు కొలువుచేసి విరమించిన సైనికునకు 3,000 దెనారియసులు ఇచ్చుట నియమమయ్యెను. సేనాని దయయై యుండినది రాజ్యపు బాకీగా మారెను. రాజ్యమంతయు ఒక్కని చేతిలోనికి పోయినదన్న మాటయు నిజమే. ప్రజారాజ్యము తిరిగి రాలేదు.

పాత్రే పట్టణపు కథ ఇందుకు సాక్ష్యము. ఈ నాణెములు పుట్టినవని పండితులు తలచు ఆ ఊరనే ఆగస్టసు విరమించిన సైనికులను స్థిరపఱచెను. పదవ, పండ్రెండవ దండులవారు అచట నివాసమేర్పఱచుకొనిరి. తరువాత ఆ పట్టణపు నాణెములపై ఆ రెండు దండుల సంఖ్యలును, ధ్వజములును చెక్కబడినవి. యుద్ధము పోయెను, సేనాని పోయెను, గ్రద్దయు అంకెయు ఆ ఊరి గుర్తులై నిలిచినవి.

ఇక ఆంటోనియసు నాణెములు ఏమైనవి? ఓడినవాని నాణెములను కరగించివేసి యుందురని ఎవరైనను అనుకొందురు. జరిగినది వేఱు. వెండిపాలు తక్కువ గనుక వానిని కరగించినచో లాభము లేదు. జనులు మంచి వెండి నాణెమును కుండలో దాచి, మాలు నాణెమును అంగడికి పంపిరి. ఇది యే దేశమునందైనను జరుగు పనియే. చెల్లుబాటగు రెండు నాణెములు చేతనున్నప్పుడు మంచిదానిని ముందుగా ఖర్చు చేయువాడుండడు. ఆ విధముగా చేతులు మారుచు, అరిగి అరిగి, గ్రద్ద నీడవలె మిగిలి, అంకె చెరిగిపోయినను ఇవి చెల్లుచుండెను. క్రీ.శ. 43లో గాని రోమనులు జయింప మొదలిడని బ్రిటను దీవిలో సైతము ఈ నాణెములు విస్తారముగ దొరకుచున్నవి.

క్రీ.శ. 64 ప్రాంతమున నీరో చక్రవర్తి క్రొత్త దెనారియసులలో వెండిని సుమారు నూటికి 80 పాళ్ళకు దింపెను. నాటినుండి ఆంటోనియసు నాణెమును మాలు నాణెమని వెక్కిరించుటకు వీలులేకపోయెను. 161 నుండి 169 వరకు కలిసి పాలించిన మార్కస్ ఆరీలియసు, వెరసు అను ఇద్దఱు చక్రవర్తులు ఆఱవ దండు నాణెమును అదే ఓడతో, అదే గ్రద్దతో మరల ముద్రింపించి, తాము దానిని పునరుద్ధరించితిమని దానిపై చెక్కించిరి. ఓడి చచ్చినవాని పేరును రెండు వందల ఏండ్ల తరువాత చక్రవర్తులు గౌరవముతో చెక్కించిరి. క్రీ.శ. 194-195 ప్రాంతమున సెప్టిమియసు సెవెరసు వెండిని సుమారు సగమునకు దింపినపుడు, అరిగిపోయిన ఆంటోనియసు నాణెమే క్రొత్తదానికంటె మంచి వెండి యయ్యెను. అప్పుడు జనులు దానిని దాచ మొదలిడిరి. ఒకనాటి మాలు నాణెము తుదకు కుండ కెక్కినది.

మన తెలుగు నేలకు ఈ కథతో సంబంధమేమని అడుగవచ్చును. రోమను నాణెములు మన దేశమునకు వర్తకము మూలమున విశేషముగ వచ్చెను. ఏటేట 5 కోట్ల సెస్టర్సులు ఇండియాకు పోవుచున్నవని ప్లినీ మొఱపెట్టెను. తెలంగాణములోని నల్లగొండ ప్రాంతమున అక్కెనపల్లిలో దొరకిన పెద్ద నిక్షేపమున వెయ్యికి మించిన వెండి దెనారియసులు కలవు. అవి ప్రధానముగ ఆగస్టసు, టైబీరియసు చక్రవర్తులవి. మన దేశపు నిక్షేపములలో ఆంటోనియసు దండుల నాణెములు కానవచ్చుట బహు అరుదు. తూకము, వెండిపాలు సరిచూచి పుచ్చుకొను వర్తకునికి ఓడవలన, గ్రద్దవలన ప్రయోజనమేమి? తన దండుపై అభిమానమున సైనికుడు పుచ్చుకొనిన దానిని ఇచటి షరాబు పుచ్చుకొనవలసిన పనిలేదు.

మన దేశమునకు ఎక్కువగా వచ్చిన ఆగస్టసు నాణెముపైనను ఆయుధములే కలవు. ఆతడు దత్తత చేసికొన్న మనుమలు గేయసు, లూషియసు అను ఇద్దఱు బాలురు, నడుమ డాళ్ళను, ఈటెలను నిలుపుకొని నిలుచున్నట్లు అది చూపును. ఆ బాలురెవరో ఇచట ఎవ్వరికిని తెలియదు, తెలియవలసిన అవసరమును లేదు. దెనారియసు అను మాట మాత్రము సంస్కృతమున దీనారమై, తెలుగున నిలిచి, శ్రీనాథుని పేర వెలసిన చాటుపద్యము దాక వచ్చినది. ఇరాకు, కువైటు, జోర్డాను, సెర్బియా దేశముల ద్రవ్యమునకు నేటికిని దీనారు అనియే పేరు. బ్రిటనులో పెన్నీ నాణెమును 1971 వరకు దెనారియసు మొదటి అక్షరముతోనే సూచించెడివారు.

సభాసదులారా! ఒక బొటనవ్రేలి గోరంత వెండిలో ఇంత చరిత్ర ఇమిడియున్నది. దానిని ముద్రించిన సేనాని గ్రద్దను చూపి సైనికుల మనస్సును పట్టదలచెను. సైనికులు ఏడు దినములు ఆ గ్రద్ద క్రింద నిలిచి తమ మాట నిలుపుకొనిరి. తన మాట నిలుపుకొననివాడు ఆతడే. గెలిచినవాడు బొమ్మతో ఊరకుండక, విరమించిన సైనికునకు నేలనో, ధనమునో రాజ్యమే చెల్లించు నియమమును ఏర్పఱచెను. ఎవ్వరు పాలించినను, ఏ నాణెముపై ఏ గుర్తు చెక్కించినను, పనిచేసినవానికి చెల్లవలసినది మాలు లేకుండ చెల్లుచున్నదా అని గీటురాయి పట్టి చూచువారు ఊరూర ఉండవలెను. చదువు నేర్పు గీటురాయి అదియే. అది ఈ గ్రంథాలయమున 25 ఏండ్లుగా ఎవరు వచ్చి అడిగినను ఉచితముగ దొరకుచున్నది.